రెండుగా కనిపించే లోకాన్ని కొలిచిన పన్నెండేళ్ళు

టార్చి ఇంకా నా కోటు జేబులోనే ఉంది. ఖాదర్ భాయ్ మాత్రం కుర్చీలో కూర్చోగానే, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, "ఒకటే మేడం" అన్నాడు.

"ఏది ఒకటి?"

"లైటు."

"ఏ లైటు?"

అతను ఒక్క క్షణం గదంతా వెతికాడు. "మీరు ఇప్పుడు వేస్తారే, ఆ లైటు" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగింటికి బడి వదులుతారు. మా ఇద్దరు ఆడపిల్లలతో సహా పద్నాలుగు మందిని ఇళ్ళకు చేర్చే వ్యాను మా ఆసుపత్రి ఆవరణలో నిలబడి ఉంది. దాని తాళంచెవి ఖాదర్ భాయ్ చొక్కా జేబులో ఉంది. వెలగని దీపాన్ని ఒకటిగా చూసిన మనిషి ఇంకో గంటలో నా పిల్లలను ఎక్కించుకుంటాడు. అతని గురించి నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

రిటైరైన దాన్ని

రిటైర్ కావడానికి అరవై ఏళ్ళు నిండాలని మా ఇంట్లో వాళ్ళ నమ్మకం. నాకు ముప్పై నాలుగు. తిరుపతిలో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో పన్నెండేళ్ళు పనిచేసి మానేశాను. ధర్మం నిలబెట్టడానికి రాజీనామా చేశానని రాసుకోవాలని ఉంది. నిజానికి చిన్నదానికి ఒళ్ళంతా పొక్కులు పోసి జ్వరం వస్తే నాలుగు రోజుల సెలవు అడిగాను, ఇవ్వలేదు. ఐదోరోజు నుంచి ఇక పోలేదు.

నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి మొన్న ఫోన్ చేసి "అక్కా, ఈ పనిలో నిజంగా తెలుసుకోవాల్సింది ఏందక్కా?" అని అడిగింది. ఫోన్లో చెప్పేది కాదు. పిల్లలు పడుకున్నాక, వాళ్ళు సరిగ్గా ఊపిరి తీస్తున్నారో లేదో రెండుసార్లు చూసుకుని వచ్చి, ఇది రాస్తున్నాను. మూడోసారి కూడా చూసి వస్తాను, అది వేరే సంగతి.

మేము చేసేది

కంటిగుంట అడుగున ఉండే ఎముక ఉద్దిపప్పు అప్పడంకంటే మందంగా ఉండదు. బంతి తగిలినా, ఆవు కొమ్ము తగిలినా, మోటారు సైకిలు మీద నుంచి పడినా విరుగుతుంది. దాని పక్కనే కంటిని తిప్పే కండరాలు ఉంటాయి. అవి ఆ పగులులో ఇరుక్కుంటాయి, లేదా నలుగుతాయి. డాక్టరు ఆపరేషన్ చేసి, ఇరుక్కున్నది విడిపించి, అడుగున పలుచని రేకు పెడతాడు. ఎముక పని అయిపోతుంది. కండరం మాత్రం చాలాసార్లు అలిగిన చుట్టంలాగా బిగుసుకునే ఉంటుంది. ఒక కన్ను పూర్తిగా తిరిగి, రెండోది సగంలో ఆగిపోతే, మనిషికి లోకం రెండుగా కనిపిస్తుంది.

అది ఎటు చూస్తే కనిపిస్తుంది, ఎంత చూస్తే కనిపిస్తుంది అని కొలవడం మా పని. సగానికి కోసిన పెద్ద బంతిలాంటి యంత్రం ఉంటుంది. రోగి గడ్డం ఒక పీట మీద ఆనించి, తల కదపకుండా, లోపల కదిలే వెలుగు చుక్కను కళ్ళతోనే వెంబడించాలి. చుక్క రెండైన చోట చెప్పాలి. అక్కడ కాగితం మీద గుర్తు పెడతాం. అన్ని దిక్కులా పెట్టిన గుర్తులను కలిపితే ఒక గీత వస్తుంది. గీత లోపల లోకం ఒకటి, బయట రెండు.

ఇంతే. డాక్టర్లకు దీని మీద గౌరవం తక్కువ, ఎందుకంటే ఇందులో రక్తం లేదు. స్కానింగ్ ఫోటోలో ఎముక అందంగా అతుక్కుని ఉంటే వాళ్ళకు సంతోషం. రోగి ఎముకతో చూస్తాడని వాళ్ళ ఉద్దేశం కాబోలు.

హాలులో కోచింగ్

మీరు చదువుకున్న పుస్తకంలో లేనిది ఒకటి చెబుతాను. మీ గది బయట ఒక హాలు ఉంటుంది. అందులో బెంచీలు ఉంటాయి. పరీక్ష అక్కడే జరుగుతుంది. మీ దగ్గర జరిగేది ఫలితాల ప్రకటన.

మూడోసారో నాలుగోసారో వచ్చిన రోగి ఆ హాలులో ప్రొఫెసరు. మా కాలంలో రేణిగుంట పెద్దాయన ఒకరు ఆ కుర్చీ నిలబెట్టుకున్నారు. తలుపు సందులోంచి ఆయన పాఠం నేను చెవులారా విన్నాను.

"లోపల ఎన్ని కనపడతాయని అడగతారు. ఒకటి అని సెప్పు."

"నాకు రెండు కనపడతాయే!"

"కనపడనీ అప్పా. నోటికి ఒకటి సాలు. రెండన్నావో, మళ్ళా కోస్తారు."

మళ్ళీ కోస్తారు అన్న మాటకు హాలంతా ఆరోగ్యవంతమైపోయేది. ఆ రోజుల్లో నా రిజిస్టర్లో వరుసగా పదకొండు మందికి ఏ దోషమూ లేదు. నా చేతి చలవ అనుకున్నాను. పదకొండో ఆయన బయటికి పోతూ తలుపు అనుకుని గోడను నెట్టాడు.

యేర్పేడు కోడలు

నా తప్పులు రాయకుండా ఇంకొకరి తప్పులు రాస్తే ఇది ఆత్మకథ అవుతుంది. కాబట్టి మొదటి తప్పు.

యేర్పేడు దగ్గర పల్లె నుంచి ఒక కొత్త కోడలు వచ్చింది. పాలు పిండుతుంటే ఆవు కొమ్ము చెంప మీద తగిలింది. ఆపరేషన్ బాగా జరిగింది. నేను ఆమెను గోడ మీది చార్టు చూడమన్నాను, ఒకటే అంది. నా వేలు చూడమన్నాను, ఒకటే అంది. దోషం లేదని రాసి పంపాను. నెల తర్వాత వాళ్ళ అత్త వచ్చింది. కంటి గురించి కాదు, కోడలి గుణం గురించి.

"మాయమ్మా, ఈ పిల్ల సాంబారు పళ్ళెంలో పొయ్యదు, పళ్ళెం పక్కన పోస్తాది. అడిగితే మాట్లాడదు. నా మీద కోపం. నువ్వన్నా సెప్పు."

కోడలు తల వంచుకుని ఉంది. నా టిఫిన్ డబ్బా మూత తీసి ఆమె ఒడిలో పెట్టాను. తల ఎత్తి ఉంచి కళ్ళు మాత్రమే దించమన్నాను. "ఎన్ని?" అంటే ఆ పిల్ల అత్తవైపు చూసి, నా వైపు చూసి, రెండు వేళ్ళు చూపించింది.

అత్త వంగి ఆ మూతను చూసింది. "నిజంగా రెండు పళ్ళేలు కనపడతాయా?" అంది.

"అవునమ్మా."

"మరి రెండుంటే ఒకదాంట్లో అయినా పొయ్యాల గదా?"

ఆ రోజు నాకు తెలిసింది ఏమిటంటే, నేను అన్నాళ్ళూ గోడలు చూసే కళ్ళను కొలిచాను. మనుషులు బతికేది కిందికి చూసి. పళ్ళెం కింద ఉంటుంది, మెట్టు కింద ఉంటుంది, పొయ్యి కింద ఉంటుంది, పిల్ల కింద ఉంటుంది. ఈ మనిషి రోజంతా ఏం చూస్తాడు అని అడగండి. అక్కడ కొలవండి.

ఇంత తెలిసినదాన్నే ఖాదర్ భాయ్ దగ్గర మళ్ళీ గోడ చూడమన్నాను. కారణం చెబితే సిగ్గు. అయినా చెబుతాను.

నాకు కావాల్సిన జవాబు

ఖాదర్ భాయ్‌ది చిత్తూరు. తిరుపతిలో స్థిరపడి ఆరేళ్ళుగా మా పిల్లల బడి వ్యాను తోలుతున్నాడు. చిన్న పిల్ల మెట్టు ఎక్కి సీట్లో కూర్చుని బ్యాగు ఒళ్ళో పెట్టుకునేదాకా బండి కదిలించని మనిషి. చిత్తూరులో పెళ్ళికి పోయి వస్తుంటే పూతలపట్టు దగ్గర టైరు పంక్చరైంది. జాకీ రాడ్డు ఎగిరి కంటి కింద తగిలింది. మా ఆసుపత్రికి తీసుకొచ్చింది నేనే. ఆపరేషన్ చేసింది మా పెద్ద డాక్టరుగారు.

ఆ మధ్యలో బడివాళ్ళు పెట్టిన కొత్త డ్రైవరు ఫోన్ మాట్లాడుతూ తోలేవాడు. మా చిన్నది లాస్య రోజూ వాంతి చేసుకుని దిగేది. నేను బాల్కనీలో నిలబడి వ్యాను సందు తిరిగేదాకా తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచేదాన్ని. నాకు ఖాదర్ భాయ్ తిరిగి కావాలి. ఎంతగా కావాలంటే, అతను మొదటి పరీక్షకు వచ్చినప్పుడు నేను అడిగిన ప్రశ్న ఇది: "ఒకటే కనిపిస్తోంది కదా భాయ్?"

"మీ దయ మేడం" అన్నాడు అతను తల వంచి.

ఎదురుగా, అటూ ఇటూ చూపించి, అన్ని దిక్కులా బాగుందని రాసిచ్చాను. దయ అంటే అదే అయ్యుంటుంది. ఆ కాగితం చూసి బడివాళ్ళు పదిహేను రోజుల తర్వాతి సోమవారం నుంచి అతన్ని తోలనిచ్చారు. గురువారం లోపల పెద్ద డాక్టరు సంతకంతో చివరి లెటరు తెస్తే ఉద్యోగం అతనిదే. తేకపోతే ఫోన్ డ్రైవరే ఖాయం. లెటరు కోసమే ఆ మధ్యాహ్నం నా గదికి వచ్చి, వెలగని దీపాన్ని ఒకటిగా చూశాడు.

వినయం

యంత్రం ముందు కూర్చోబెట్టాను. గడ్డం పీట మీద పెట్టమన్నాను. పెట్టాడు. పెట్టి, నుదురు ముందుకు తోసి, గడ్డం గొంతులోకి లాక్కున్నాడు. తల ఎత్తమన్నాను. ఎత్తాడు. చుక్క కిందికి దిగగానే మళ్ళీ మెల్లగా వంచాడు.

అప్పుడు నాకు ఆ నెలన్నరా గుర్తుకొచ్చింది. ఆపరేషన్ తర్వాత ఖాదర్ భాయ్ ఎప్పుడు కనిపించినా తల వంచుకునే ఉన్నాడు. వార్డులో నర్సులు "ఎంత మర్యాదస్థుడక్కా, మొహంలోకి చూసి మాట్లాడడు" అని మురిసిపోయేవాళ్ళు. నేనూ మురిసిపోయాను. మన వైపు తల వంచిన మనిషిని ఎవరూ అనుమానించరు. మెడ గట్టిగా ఉంటే పొగరంటాం, వంగితే మర్యాదంటాం, నొప్పేమో అని మాత్రం అడగం. కింద చూస్తే రెండుగా కనిపించే మనిషి కళ్ళు దించడు. తలే దించుతాడు. తల వంగితే కళ్ళు నేరుగా ఉంటాయి, లోకం ఒకటిగా ఉంటుంది. మేమందరం వినయమని మెచ్చుకున్నది అతని జబ్బును.

నర్సును పిలిచి తల వెనకనుంచి పట్టుకోమన్నాను. నుదుటి పట్టీ బిగించాను. "భాయ్, ఒకటి అంటే పాస్ కాదు, రెండు అంటే ఫెయిల్ కాదు. మళ్ళీ కొయ్యాలని నేనెవరితోనూ చెప్పను. చుక్క విడిపోయినప్పుడు బల్ల మీద తట్టు, చాలు" అన్నాను.

చుక్క పైకి పోయింది, బాగుంది. అటూ ఇటూ పోయింది, బాగుంది. కిందికి దిగింది. పది డిగ్రీలు దాటకముందే బల్ల మీద చప్పుడైంది.

స్లైడు

కాగితం తీసుకుని పెద్ద డాక్టరుగారి దగ్గరికి పోయాను. ఆయన చేతి పని మంచిది, ఆ మాట రాయకపోతే పాపం. చెడ్డ డాక్టరైతే ఈ కథ తేలిగ్గా ఉండేది. ఆయన లాప్‌టాప్‌లో రాబోయే సభకు స్లైడ్లు తయారు చేసుకుంటున్నారు. ఒక స్లైడు మీద ఖాదర్ భాయ్ ఎముక మెరుస్తోంది.

ఆయన నా గీతను చూశారు. "కిందికి చూస్తే కదా? డ్రైవర్ రోడ్డు చూస్తాడమ్మా, తన కాళ్ళు చూసుకోడు."

"సార్, అది బడి వ్యాను. పిల్లలు బండి ముందు నుంచే దాటతారు."

"హారన్ కొట్టమను." కొంచెం ఆగి, "పోయినసారి నువ్వే అన్నీ బాగున్నాయని రాసిచ్చావు కదా? ఇప్పుడు బాగాలేదంటే, మధ్యలో చెడిపోయిందా? నా రేకు జరిగిందంటావా?"

"లేదు సార్. పోయినసారి నేను తప్పు కొలిచాను."

"అలా రాయకూడదమ్మా" అన్నారాయన చాలా మెత్తగా. "ఆసుపత్రిలో తప్పు ఉండదు. తేడా ఉంటుంది. లెటరు తెచ్చిపెట్టు, సంతకం చేస్తాను."

మూడున్నర అయింది.

బండి ముందు

లెటరు తేలేదు. ఖాదర్ భాయ్‌ను వ్యాను దగ్గరికి తీసుకెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చోమన్నాను. "తల నేరుగా పెట్టు భాయ్, వంచొద్దు" అని చెప్పి, బండి ముందుకు పోయి, బంపరుకు రెండడుగుల దూరంలో గొంతుకూర్చున్నాను. లాస్య ఎత్తుకు. చీర కుచ్చిళ్ళు మట్టిలో పడ్డాయి. బిల్లింగ్ కౌంటరు వాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు. వాళ్ళకు వారానికి సరిపడా సరుకు దొరికింది.

"ఎంతమందిమి?" అని అరిచాను.

"భాయ్, ఎంతమందిమి?"

"పైనుండేది మీరు మేడం" అన్నాడు అతను. "కిందిది దొంగది."

లేచి కిటికీ దగ్గరికి పోయాను. "ఏమంటివి?"

"రెండు కనపడతే పైది అసలుది, కిందిది దొంగది. నేను కనిపెట్టినాను. ఈ నాలుగు దినాలూ అట్లే తోలినాను. యాడా తప్పు కాలేదు."

నాలుగు రోజులు. నాలుగు పొద్దునలు, మూడు సాయంత్రాలు. నేను బాల్కనీలో నిలబడి, ఖాదర్ భాయ్ వచ్చాడు, ఇక భయం లేదు అనుకున్న నాలుగు రోజులు.

"బాగున్న కన్ను మూసి చూడు. ఇప్పుడు ఆ దెబ్బ తగిలిన కంటితోనే బంపరు చూడు. అలాగే చూస్తూ రెండోది తెరువు. దొంగది ఎక్కడుంది?"

చూశాడు. మొహం మారింది. "పైకి పోయింది."

"ఏ కంటితో చూస్తున్నావో దాన్ని బట్టి దొంగ మారిపోతాడు భాయ్. ఎండ ఒక పక్కన కొట్టినా, నలక పడినా కన్ను మారుతుంది. మారినట్టు నీకు తెలియదు."

అతను స్టీరింగ్ మీద చేతులు తీయలేదు. అలాగే నా వైపు తిరిగాడు. అప్పుడు మాత్రం తల వంచలేదు.

"మీరే గదా మేడం, బాగుండాదని రాసిచ్చింది?"

"నేనే."

"మీరు రాసిచ్చినారనే గదా నేను ఎక్కినాను?"

"తప్పు రాసినాను భాయ్."

"మీ తప్పుకు నా స్టీరింగా?"

నేను బడికి ఫోన్ చేయకూడదు. రోగి సంగతి రోగిది. తల్లిగా చేయవచ్చేమో. కానీ తల్లిగా నాకు తెలిసినవన్నీ ఆ గదిలో కోటు వేసుకుని తెలుసుకున్నవే. నాలుగుకు పది నిమిషాలుంది. నేను కిటికీ పట్టుకుని నిలబడ్డాను. అవసరమైతే మళ్ళీ బండి ముందు కూర్చుందామనే ఉద్దేశం. అంతకంటే శాస్త్రీయమైన ఆలోచన రాలేదు.

ఖాదర్ భాయ్ జేబులోంచి ఫోన్ తీశాడు. "సార్, నేను ఖాదర్. ఇంకొకరిని పంపండి బండికి. ఆస్పత్రి కాడ ఉండాది... లేదు సార్, లెటరు రాలేదు... రాదు." తాళంచెవి తీసి నా చేతిలో పెట్టకుండా, డాష్‌బోర్డు మీద పెట్టి దిగి, రోడ్డు వైపు నడిచాడు. గేటు దగ్గరి మెట్టు ముందు ఆగి, తల వంచి, ఒక్కొక్క అడుగే దిగాడు.

తర్వాత జరిగినవి

మొదటి పరీక్ష తప్పని, రెండోది ఇదీ అని నా సంతకంతో ఫైల్లో పెట్టాను. పెద్ద డాక్టరుగారు లెటరు ఇవ్వలేదు, ఇవ్వనని రాయనూ లేదు. స్లైడు మాత్రం మార్చారు. ఖాదర్ భాయ్ ఎముక ఉన్న చోట "ఈ రోగి తిరిగి చూపించుకోవడానికి రాలేదు" అని ఉంది. నెలన్నరలో ఐదుసార్లు వచ్చిన మనిషి. మీరూ సభలకు పోతారు కాబట్టి చెబుతున్నాను: రాలేదు అన్న రోగుల వరుస చూడండి, అక్కడ చాలామంది హాలులోనే కూర్చుని ఉంటారు.

ఆరునెలల తర్వాత వేరే ఊళ్ళో వేరే డాక్టరు కండరానికి ఆపరేషన్ చేశాడు. ఇప్పుడు అతని గీత కిందికి బాగానే దిగిందట. బావమరిది టైర్ల షాపులో పని చేస్తున్నాడు. వ్యాను పని తిరిగి రాలేదు. నేను కనిపిస్తే టైరు మీద నుంచి తల ఎత్తడు. అది జబ్బు కాదని ఈసారి నాకు తెలుసు.

ఇక మీకు చెప్పాల్సింది కొంచెమే. మనిషి మెడను ముందు చూడండి, కంటిని తర్వాత. మీకు ఏ జవాబు కావాలో ముందే తెలిస్తే ఆ రోగిని పక్క గదికి పంపండి. పక్క గది లేకపోతే నోరు మూసుకుని అడగండి, అంటే వేలు చూపించి ఊరుకోండి. తేడా అన్న మాట రాయమంటే తప్పు అని రాయండి. దానికి ప్రమోషన్ రాదు. నాకు సెలవు కూడా రాలేదు.

మర్నాడు పొద్దున

ఖాదర్ భాయ్ బండి దిగిపోయిన మర్నాడు, శుక్రవారం పొద్దున, హారిక, లాస్య బూట్లు వేసుకుంటున్నారు. హారిక పెద్దది, దానికి తొమ్మిదేళ్ళు. ముందు రోజు సాయంత్రమే తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులో వార్త వచ్చి, తీర్పు కూడా వచ్చేసింది. రెండుగా కనిపిస్తున్నాయంటే ఇంకేముంటుంది అని ఒకరు సీసా బొమ్మ పెట్టారు. దాని కింద పదిమంది దండాలు పెట్టారు.

"అమ్మా, వ్యాన్ మామ తాగతాడంట, అందుకే తీసేసినారంట" అంది హారిక. "చరిత వాళ్ళమ్మ చెప్పిందంట."

"మామ ఇంక రాడా?" అని లాస్య బూటు వదిలేసింది.

మా ఆయన వంటింట్లోంచి, "ఊరికి పోయినాడని చెప్పు, పొద్దున్నే ఎందుకు" అని సైగ చేశాడు. మంచి సలహా. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

కింద కొత్త డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను ఇద్దరి ముందూ కూర్చున్నాను.

"మామ జన్మలో తాగలేదు. మామ కంటికి దెబ్బ తగిలింది, ఇంకా మానలేదు. మానిందని నేను రాసిచ్చినా. నేను రాసింది నమ్మి మామ బండెక్కినాడు, మీరూ ఎక్కినారు. నిన్న తప్పు తెలిసినాక మామే తాళాలు వదిలేసి దిగిపోయినాడు. ఈ పొద్దు బండిలో ఎవరన్నా మామ గురించి ఒక్క మాట అంటే, కాదు, మా అమ్మ సరిగ్గా కొలవలేదు అని గట్టిగా చెప్పండి. చరితకు కూడా."